గాజు పెట్టెల్లో మేం లేం

సాలార్‌జంగ్ మ్యూజియంలో గంట కొట్టే బొమ్మ కోసం మేమూ నిలబడ్డాం. పిల్లల్ని భుజాలకెత్తుకుని, గడియారంలోంచి ఆ గడ్డం మనిషి బయటికొచ్చి గంట కొట్టేదాకా అందరితోపాటు ఎదురుచూశాం. బయటికొచ్చాక మాతో వచ్చిన మిత్రుడొకాయన ప్రేమగానే భుజం తట్టి అన్నాడు: "ఏం వైభవం భాయ్ మీది!"

మాదా?

మా తాతలు దూదేకారు. గాజులమ్మారు. టాంగాలు తోలారు. మా నానీలు బీడీలు చుట్టారు. ముసుగు రెబెక్కా మాదెట్లా అయింది? ఇటలీ శిల్పి బెంజోనీ చెక్కిన ఆ పాలరాతి బొమ్మను కొన్నది దివాన్‌గా ఉన్న మొదటి సాలార్‌జంగ్. మిగతా గదుల్లో చాలావాటిని నింపింది మూడో సాలార్‌జంగ్ మీర్ యూసుఫ్ అలీఖాన్. ఆయన 1949లో పోయాడు. 1951 డిసెంబర్ 16న నెహ్రూ దివాన్ దేవ్‌డీలో మ్యూజియం తెరిచాడు. 1961లో పార్లమెంటు చట్టం చేసి దాన్ని జాతీయ సంస్థను చేసింది. ఒక కుటుంబం సొత్తు దేశం సొత్తయింది. సంతోషం. కానీ అది మా జాతి చరిత్ర ఎప్పుడయింది?

ఈ "మీది" అనే మాట మెచ్చుకోలుగా మొదలై నేరారోపణగా ముగుస్తుంది. ఇవాళ "మీ వైభవం" అన్నవాళ్లే రేపు "మీరు మమ్మల్ని ఏలారు" అంటారు. నవాబు కత్తి చూపించి రిక్షా తొక్కే ఖాసింను లెక్క చెప్పమంటారు. కడప ప్రాంతాన్ని నిజాం 1800లోనే ఇంగ్లీషువాళ్లకు దత్తం చేసేశాడు. అక్కడి పింజారీని కూడా నిజాం వారసుడి కిందే కట్టేస్తారు. ఏలినవాడి మతమూ మా మతమూ ఒకటైనంత మాత్రాన వాడి ఖజానా తాళాలు మా మొలలో ఉన్నాయా?

నిజాం నగలు చూడండి. 173 వస్తువుల్ని 1995లో భారత ప్రభుత్వం సుమారు 218 కోట్లకు కొన్నది. రిజర్వు బ్యాంకు ఖజానాలో దాచింది. 2001లో, 2006లో, 2019లో బయటపెడితే జనం విరగబడి చూశారు. ఆ నగల్ని హైదరాబాద్‌కే తేవాలని అడిగేవాళ్లున్నారు. తేవాల్సిందే, కాదనం. 2018 సెప్టెంబర్‌లో పురానీ హవేలీలోని నిజాం మ్యూజియం నుంచి వజ్రాలు పొదిగిన బంగారు టిఫిన్ డబ్బాను దొంగలు ఎత్తుకెళ్లారు. రోజుల్లోనే పోలీసులు పట్టుకున్నారు. పత్రికలన్నీ రాశాయి. మేమూ రాశాం. మా దూదేకుల విల్లు పోయినప్పుడు ఏ ఠాణాలో కేసు పెట్టాం? అసలు పోయిందని ఎవరికి తెలుసు?

మా జ్ఞాపకం వజ్రాల్లో లేదు. ఇంటిల్లిపాదికీ పరుపులు కుట్టిపెట్టిన ఆ వింటి నారి మోతలో ఉంది. వక్కాకు కన్నా వచ్చినవాళ్లకిచ్చే మర్యాదే ఎక్కువగా ఉన్న నానీ పాన్‌దాన్‌లో ఉంది. మొహర్రం పదిరోజులూ ఊరి పీర్ల సావిడిలో నిలబెట్టిన పీరులో ఉంది. ఆ పీరును మోసింది సాయిబులొక్కరేనా? గుండం చుట్టూ అలాయి తొక్కింది మాల మాదిగలు కాదా? మొక్కుకుని మల్లీదా ముద్దలు పంచింది గొల్లలు, చాకళ్లు కాదా? హిందూ ముస్లిం ఐక్యత మీద ఉపన్యాసాలిచ్చే సెక్యులర్ మిత్రులారా, ఆ ఐక్యతను కంటితో చూపించే వస్తువు అది. దానికొక అద్దాల బీరువా ఎక్కడుంది?

వస్తువున్నచోట మనిషి లేడు. మ్యూజియంలో బిద్రీ హుక్కాలున్నాయి, పాన్‌దాన్‌లున్నాయి. జింకు, రాగి కలిపి పోతపోసి, ఉలితో గాడి చెక్కి, వెండి తీగ దిగ్గొట్టి, బీదరు కోట మట్టిని నవాసాగరంతో కలిపి నల్లబరుస్తారు. మట్టి మాత్రం అక్కడిదే కావాలంటారు పనివాళ్లు. ముస్లిములూ లింగాయతులూ కలిసి బతికించిన పని అది. హుక్కా పీల్చిన నవాబు పేరు అందరికీ తెలుసు. గాడి చెక్కి చెక్కి కళ్లు పోగొట్టుకున్నవాడి పేరు ఎవరు రాశారు?

తప్పంతా బయటివాళ్లదే అంటే అబద్ధమవుతుంది. పీర్లు బిద్అత్ అని సావిడికి తాళం వేయించింది మావాళ్లే. స్టీలు గిన్నెలొచ్చాక తాంబాలాల్ని తూకానికి అమ్మింది మేమే. తాతల ఉర్దూ కాగితాలు ట్రంకుపెట్టెలో చెదలు పడుతున్నాయి. తెలుగు మీడియంలో చదివిన మా పిల్లలకు అవి చదవరావు, చదివే మాకు తీరిక లేదు. "మేమూ నవాబుల వంశమే" అని పెళ్లిచూపుల్లో కోతలు కోసేదీ మేమే. దూదేకుల తాతను దాచి నవాబు తాతను అరువు తెచ్చుకున్నవాళ్లం, "మీరు ఏలినవాళ్లు" అంటే ఏ నోటితో కాదంటాం?

కొన్ని మాత్రం మేం పారేసినవి కావు, భయంతో పోగొట్టుకున్నవి. 1948 సెప్టెంబర్ పోలీసు చర్య తర్వాత మా పెద్దలు ఉర్దూ ముక్క కనిపిస్తే చాలు బావిలో వేశారు, పొయ్యిలో పెట్టారు. రజాకార్లు చేసిన పాపం రజాకార్లది. దాన్ని మేం దాచం. కానీ ఆ తర్వాత చనిపోయినవాళ్లు ఇరవయ్యేడు వేల నుంచి నలభై వేల దాకా ఉంటారని సుందర్‌లాల్ కమిటీ అంచనా వేసింది. ఆ నివేదిక జనం చేతికి వచ్చేసరికి 2013 అయింది. అంతమందిలో ఒక్కరి టోపీ గానీ, ఒక్కరి తస్బీ గానీ మేం చూసిన ఏ మ్యూజియం గదిలోనూ లేదు. గడియారం బొమ్మ మాత్రం గంటగంటకూ వచ్చి పోతోంది.

మేం అడిగేది కొత్త భవనం కాదు. ఉన్న గదుల్లోనే ఒక గది. అందులో ఒక విల్లు, ఒక పీరు, ఒక గాజుల మలారం, ఒక బీడీల చాట. వాటి కింద తెలుగులోనూ ఉర్దూలోనూ చేసినవాడి పేరు, వాడినవాడి పేరు, ఊరు పేరు. అది వచ్చేదాకా మా ఇళ్లే మ్యూజియాలు. ట్రంకుపెట్టెలు తెరుద్దాం. ముసలమ్మల్ని కూర్చోబెట్టి, ఏది ఎవరిదో, ఎక్కణ్నుంచి వచ్చిందో రాసుకుందాం. పాన్‌దాన్‌ను పాతసామాన్లవాడికి వేసేముందు ఒక్కసారి మూత తీసి వాసన చూద్దాం.

ఈసారి ఎవరైనా "మీ వైభవం" అంటే తలకూడా ఊపం. మా తాత విల్లు చేతికిచ్చి చెబుతాం: మాది ఇది.