గడువు తీరిన బాండుకు కొత్త వాయిదా వద్దు

ఆదిలాబాద్, భైంసా, జమ్మికుంట యార్డులలో పత్తి రాక తగ్గి, మెట్‌పల్లి, జగిత్యాల వైపు పసుపు అమ్మకాలు ముగిసి, అడ్తీ లెక్కలు తేలిన తరువాత వర్తకుల చేతిలో కొంత రొక్కం నిలుస్తుంది. కొత్త పంట కాంటా ఎక్కేదాకా ఆ రొక్కానికి పెద్దగా పని వుండదు. బ్యాంకు కన్నా ఎక్కువ మిత్తి ఇస్తామంటూ కంపెనీల, సొసైటీల ఏజెంట్లు దుకాణం మెట్లెక్కేది సరిగ్గా ఆ సమయంలోనే. తెలిసినవాడు, రోజూ చాయ్ దగ్గర కనిపించేవాడు అడిగితే కాదనలేక సొమ్ము ఇచ్చేవారే ఎక్కువ. బాండు చేతికి వస్తుంది. చిక్కు వచ్చేది దాని గడువు తీరిననాడు.

ఆనాడు వినిపించే సమాధానాలు అందరికీ తెలిసినవే. హెడ్డాఫీసు నుంచి చెక్కు రావలసి వున్నదంటారు. వచ్చే నెల చూద్దామంటారు. చివరికి అసలు, మిత్తి కలిపి మరో పథకంలో వేసుకుంటే లాభమంటారు. ఈ మూడో మాటే అన్నిటికన్నా ప్రమాదకరమైనది. కొత్త బాండు తీసుకున్న వెంటనే పాత బాకీ పోయి కొత్త గడువు మొదలవుతుంది. అడిగే హక్కును మన సంతకంతోనే మనం మూడేళ్ళో, ఐదేళ్ళో వెనక్కు నెట్టుకున్నట్లవుతుంది. గడువు తీరిన బాండుకు వాయిదా ఇవ్వరాదు, ఇవ్వకపోతే సొమ్ము రాబట్టుకునేందుకు జిల్లా వినియోగదారుల కమిషన్ వున్నది, అయితే దానికీ ఒక గడువు వున్నది అన్నదే ఇక్కడ చెప్పదలచిన విషయం.

సహారా నేర్పిన పాఠం

వాయిదాకు వాయిదా ఇస్తూ పోతే ఏమవుతుందో సహారా వ్యవహారం చూపింది. ఆ గ్రూపులోని రెండు కంపెనీలు డిబెంచర్ల రూపంలో సుమారు 3 కోట్ల మంది నుంచి వసూలు చేసిన 24,000 కోట్ల రూపాయలకు పైబడిన సొమ్మును 15 శాతం వడ్డీతో వాపసు ఇవ్వాలని సుప్రీంకోర్టు 2012 ఆగస్టు 31న తీర్పు చెప్పింది. సొమ్ము సెబి ద్వారా పంపిణీ కావలసి వున్నది. కాగా 2023 మార్చి నాటికి సెబి ద్వారా మదుపుదారులకు చేరినది 138 కోట్ల రూపాయలు మాత్రమే. ఖాతాలో వేల కోట్లు వుండగా తీసుకున్నది ఇంత స్వల్పం. బాండ్లపై వున్న పేర్లు, చిరునామాలు, రికార్డులు సరిపోలకపోవడం, అసలు అడిగేవారే తక్కువ కావడం ఇందుకు ముఖ్యమైన కారణాలు.

అదే గ్రూపుకు చెందిన నాలుగు సహకార సొసైటీలది మరో కథ. వాటిలో ఒకటైన స్టార్స్ మల్టీపర్పస్ సొసైటీ కేంద్ర కార్యాలయం హైదరాబాదులోనే వున్నది. గడువు తీరిన సొమ్మును మరో పథకంలోకి మార్చారని డిపాజిట్‌దారులు పెద్దఎత్తున ఫిర్యాదు చేశారు. 2023 మార్చి 29న సుప్రీంకోర్టు 5,000 కోట్ల రూపాయలను ఈ సొసైటీల డిపాజిట్‌దారుల కోసం కేటాయించింది. పంపిణీ పర్యవేక్షణను తెలంగాణకు చెందిన విశ్రాంత న్యాయమూర్తి జస్టిస్ ఆర్. సుభాష్ రెడ్డికి అప్పగించింది. అదే సంవత్సరం జూలై 18న కేంద్రం వాపసు పోర్టల్‌ను ప్రారంభించింది. మొదట ఒక్కొక్కరికి 10,000 రూపాయల వరకే ఇచ్చారు. 2024లో ఆ పరిమితిని 50,000కు పెంచారు. 2025 సెప్టెంబరులో మరో 5,000 కోట్లకు అనుమతించి, పంపిణీ గడువును 2026 డిసెంబరు 31 వరకు పొడిగించారు.

విజయవాడ కేంద్రంగా నడిచిన అగ్రిగోల్డ్ డిపాజిట్ల విషయమూ ఇంతే. సుమారు 32 లక్షల మంది సొమ్ము అందులో చిక్కుకున్నది. యాజమాన్యం అరెస్టులు 2016లో జరిగినవి. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం తన రాష్ట్రంలోని చిన్న డిపాజిట్‌దారులలో 10,000 లోపు వారికి 2019లో, 20,000 లోపు వారికి 2021లో ఖజానా నుంచి చెల్లించింది. లక్షలలో పెట్టినవారు ఆస్తుల అమ్మకం కోసం ఎదురుచూడవలసి వచ్చింది.

రెండు ఉదంతాలూ చెప్పేది ఒకటే. కంపెనీ పూర్తిగా మునిగిన తరువాత లక్షలాది మందితో కలిసి వరుసలో నిలబడేవానికి దక్కేది తక్కువ, అదీ ఆలస్యంగా. కంపెనీ తలుపులు తెరిచి వుండగా, బ్యాంకు ఖాతాలో సొమ్ము ఆడుతుండగా ఆర్డరు చేతబట్టుకున్నవాని పరిస్థితి వేరు.

కమిషన్ తలుపు ఎంత దూరం

సివిల్ దావా అంటే కోర్టు ఫీజు, ప్లీడరు ఫీజు, ఏళ్ళ తరబడి తిరుగుడు గుర్తుకు వచ్చి చాలామంది వూరుకుంటున్నారు. వినియోగదారుల కమిషన్ దారి అంత కష్టమైనది కాదు. 2020 జూలై 20న అమలులోకి వచ్చిన 2019 చట్టం ప్రకారం, చెల్లించిన సొమ్ము 50 లక్షల రూపాయల లోపు అయితే జిల్లా కమిషన్ చాలు. 5 లక్షల వరకు ఫీజు లేదు. 5 నుంచి 10 లక్షల వరకు 200, 20 లక్షల వరకు 400, 50 లక్షల వరకు 1,000 రూపాయలు. ప్లీడరు లేకుండా ఎవరి ఫిర్యాదు వారే చెప్పుకోవచ్చు.

అన్నిటికన్నా మేలైన మార్పు మరొకటి వున్నది. ఫిర్యాదుదారు ఎక్కడ నివసిస్తాడో, ఎక్కడ పని చేసుకుంటాడో అక్కడే ఫిర్యాదు వేయవచ్చు. కంపెనీ హెడ్డాఫీసు లక్నోలో వున్నా, కలకత్తాలో వున్నా కరీంనగర్ వర్తకుడు కరీంనగర్‌లోనే, ఆదిలాబాద్ వర్తకుడు ఆదిలాబాద్‌లోనే అడగవచ్చు. వూళ్ళో వున్న బ్రాంచి మూసి బోర్డు తీసేసినా ఈ హక్కు పోదు.

అయితే రెండేళ్ళ గడువును మరువరాదు. సొమ్ము ఇవ్వవలసిన రోజు నుంచి రెండేళ్ళలోగా ఫిర్యాదు వేయాలన్నది చట్టం. తగిన కారణం చూపితే ఆలస్యాన్ని మన్నించే అధికారం కమిషన్‌కు వున్నదిగాని, అది వారి విచక్షణ. పత్తిలో తేమ 8 శాతం దాటితే ధరలో కోత, 12 దాటితే సీసీఐ కొనదు. ఆలస్యమైన ఫిర్యాదు గతి కూడా అటువంటిదే. ఏజెంటు నోటిమాట నమ్మి కూర్చున్నామన్నది బలమైన కారణం కాదు.

కంపెనీల వాదనలు

ఫిర్యాదు వేసిన తరువాత ఎదుటి పక్షం నుంచి వచ్చే వాదనలు కూడా కొత్తవి కావు. డిపాజిట్ తీసుకోవడం సేవ కాదు, మీరు వినియోగదారు కాదు అనేది మొదటిది. ప్రజల నుంచి డిపాజిట్లు ఆహ్వానించి, వడ్డీతో వాపసు ఇస్తామని చెప్పే కంపెనీ చేసేది సేవేనని జాతీయ కమిషన్ 1993లోనే తేల్చింది. మీరు సొసైటీ సభ్యులు, సహకార చట్టం కింద వెళ్ళండి అనేది రెండవది. సహకార చట్టంలో వేరే దారి వున్నా వినియోగదారుల దారి మూసుకుపోదని సుప్రీంకోర్టు 2003లో తమిళనాడుకు చెందిన ఒక సహకార పరపతి సంఘం కేసులో చెప్పింది. బాండు వెనుక మధ్యవర్తిత్వ షరతు వున్నదనేది మూడవది. అటువంటి షరతు వినియోగదారుల ఫిర్యాదుకు అడ్డు కాదని 2018లో అదే న్యాయస్థానం స్పష్టం చేసింది.

నాలుగవ వాదన మాత్రం వర్తకులకు నిజంగా తగిలేది. వ్యాపార ప్రయోజనం కోసం సేవ పొందినవాడు ఈ చట్టం కింద వినియోగదారు కాడు. 2024 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పిన కర్ణాటక కేసు ఒకటి మన పత్తి వర్తకులు గుర్తుంచుకోదగినది. పత్తి వ్యాపారం చేసే భాగస్వామ్య సంస్థలో ఒకరు 2002లో 5 లక్షల రూపాయలు వడ్డీకి పెట్టారు. గడువు తీరినా రాకపోవడంతో వినియోగదారుల దారి పట్టి జిల్లా నుంచి జాతీయ కమిషన్ దాకా గెలిచారు. సుప్రీంకోర్టు మాత్రం, లాభం కోసం సంస్థలో పెట్టిన పెట్టుబడి వాణిజ్య లావాదేవీ అవుతుందని, దానికి సివిల్ కోర్టే తగిన చోటని చెప్పి ఫిర్యాదును కొట్టివేసింది. ఏళ్ళ తరబడి నడిచిన కేసు చివరి మెట్టుపై ఆగిపోయింది.

దీని నుంచి గ్రహించవలసినది ఏమంటే, ఇంటి అవసరాలకు, పిల్లల చదువుకు, పెళ్ళిళ్ళకు దాచుకున్న సొమ్ము వేరు, ఫర్ము సొమ్ము వేరు. దుకాణం ఖాతా నుంచి ఫర్ము పేరున వేసిన డిపాజిట్‌కు, తోటి వర్తకుని మిల్లులో వడ్డీకి తిప్పిన సొమ్ముకు ఈ దారి దొరకడం కష్టం. అటువంటివారు కాలపరిమితి దాటకముందే సివిల్ కోర్టునే చూసుకోవడం మేలు. సొంత పేరున, సొంత పొదుపుగా పెట్టినవారు ఆ సంగతిని ఫిర్యాదు మొదటి పేజీలోనే రాయాలి.

ఆర్డరు వచ్చాక

ఆర్డరు వచ్చినంత మాత్రాన సొమ్ము రాదు. ఇవ్వకపోతే అమలు పిటిషన్ వేయాలి. సివిల్ కోర్టు డిక్రీ వలె ఆస్తులు జప్తు చేయించవచ్చు. ఆర్డరును ధిక్కరించిన వారికి నెల నుంచి మూడేళ్ళ వరకు జైలు, 25,000 నుంచి లక్ష రూపాయల వరకు జరిమానా విధించే అధికారం కమిషన్‌కు వున్నది. అప్పీలు వేయాలంటే కంపెనీ ఆర్డరు సొమ్ములో సగం ముందుగా జమ కట్టాలి.

పాత ఆర్డర్లు పెట్టెలో పెట్టి మరచినవారికి కూడా ఒక కబురు. 2003 నుంచి 2020 వరకు పాత చట్టంలోని మాటల లోపం వల్ల కమిషన్ల తుది ఆర్డర్ల అమలుపై అభ్యంతరాలు వుండేవి. ఆ కాలపు తుది ఆర్డర్లు కూడా డిక్రీల వలె అమలు చేయదగినవేనని 2025 ఆగస్టులో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. వాటిని బయటికి తీసి న్యాయవాదికి చూపడం మంచిది.

ఇదిలా వుండగా, కంపెనీ దివాలా ప్రక్రియలోకి వెళితే మారటోరియం పడి కేసులు, అమలు పిటిషన్లు ఎక్కడివక్కడే ఆగుతాయి. అప్పుడు క్లెయిమ్‌ను రిజల్యూషన్ ప్రొఫెషనల్‌కు గడువులోగా పంపకపోతే వచ్చేది కూడా రాదు. ముందు వచ్చినవానికే మేలు అన్న మాట ఇక్కడ కూడా నిజమే.

మధ్యవర్తులు, సంఘాలు చేయవలసినది

బాండ్లు అమ్మిన ఏజెంట్లలో చాలామంది మనలోని దళారీలు, గుమాస్తాలు, చిన్న వర్తకులు. వారూ కొంత సొమ్ము పోగొట్టుకున్నవారే. వారి ఇళ్ళముందు గొడవ చేస్తే బాకీ వసూలు కాదు. అయినా వారికి ఒక బాధ్యత వున్నది. యార్డులో తక్‌పట్టీ తగాదా వస్తే నిజం చెప్పడానికి దళారి ముందుకు వస్తాడు. అదే విధంగా ఎవరి దగ్గర ఏనాడు ఎంత తీసుకున్నదీ, కంపెనీకి ఏనాడు కట్టినదీ తన రశీదు పుస్తకంతో కమిషన్ ముందు చెప్పడానికి వెనుకాడరాదు. కంపెనీ కాగితాలు మాయమైనచోట ఆ రశీదు పుస్తకమే ఆధారం.

బాండు పెట్టుకున్నవారు చేయవలసినది కొద్దిగానే వున్నది. అసలు బాండును జిరాక్సు తీయకుండా, రశీదు లేకుండా ఎవరికీ ఇవ్వరాదు. గడువు తీరిన వారంలోనే వాపసు కోరుతూ స్పీడ్ పోస్టులో జాబు పంపి, అందినట్లు ఆధారం దాచాలి. సొమ్ము కట్టిన బ్యాంకు స్టేట్‌మెంటు తీయించాలి. సహారా పోర్టల్ వంటి చోట కొంత సొమ్ము వచ్చివుంటే దానిని దాచకుండా ఫిర్యాదులో చూపాలి.

వర్తక సంఘాలు కూడా ధరల గురించే గాక ఈ విషయం గురించి ఆలోచించవలసి వున్నది. గడువు తీరిన బాండ్ల జాబితా ఒకటి తయారుచేసి, రెండేళ్ళు దగ్గరపడినవారిని హెచ్చరించే పని సంఘం గుమాస్తా చేయగలడు. ప్రభుత్వం తన వంతుగా కమిషన్లలో అధ్యక్షుల, సభ్యుల ఖాళీలు నిలవకుండా చూడాలి. మూడు నెలలలో తేల్చాలని చట్టం చెప్పిన ఫిర్యాదు ఏళ్ళు పడితే, వాయిదాలు చెప్పే కంపెనీకీ కమిషన్‌కూ తేడా కనిపించదు.

మన మార్కెట్లలో మాట మీద లక్షల సరుకు చేతులు మారుతుంది. చెప్పిన రోజున సొమ్ము అందుతుందన్న నమ్మకమే దానికి పునాది. గడువు తప్పిన అడ్తీదారుకు మరునాడు సరుకు ఎవరూ ఇవ్వరు. అచ్చుకాగితంపై ముద్ర వేసి ఇచ్చిన గడువును తప్పిన కంపెనీకి మాత్రం మరో మూడేళ్ళు ఎందుకు ఇవ్వాలి?