ఇరవయ్యేడుకే రిటైర్మెంట్!

మూడు నెలల నుంచి బెంచి మీదున్నాను. పాత ప్రాజెక్టు అయిపోయింది, కొత్తది రాలేదు. మొన్న కోరుట్ల వెళ్ళినప్పుడు అమ్మకి చెబితే, "పని లేదంటున్నవ్, మరి జీతమెట్ల ఇస్తుండ్రు బిడ్డా?" అంది. మా మేనేజరుకీ ఇదే డౌటు. కాకపోతే అమ్మంత ప్రేమగా అడగడు :)

నా వయసు ఇరవై ఎనిమిది. రాత్రిళ్ళు నిద్రపట్టక, చిన్న వయసులోనే కెరీర్ ముగిసిపోయినవాళ్ళెవరా అని నెట్లో వెతకడం మొదలెట్టా (అదో పాడలవాటు). అలా దొరికారు తులసీదాస్ బలరాం.

నిజం చెప్పొద్దూ, సిగ్గేసింది. జగిత్యాల దగ్గర ఇంజనీరింగ్ చదివే రోజుల్లో, చెక్ ఆటగాడు పావెల్ నెద్వెద్ గురించి హాస్టల్లో గంటలకొద్దీ వాదించుకునేవాళ్ళం. 2003లో జువెంటస్‌ని చాంపియన్స్ లీగ్ ఫైనల్ దాకా లాక్కొచ్చి, ఎల్లో కార్డు వల్ల ఆ ఫైనలే ఆడలేకపోయాడనీ, అదే ఏడాది బాలన్ డోర్ గెలిచాడనీ అన్నీ నోటికొచ్చు. సికింద్రాబాద్ పక్కన అమ్ముగూడలో 1936లో పుట్టిన బలరాం గురించి మాత్రం ఒక్క ముక్క తెలీదు!

సరే, అసలు విషయానికొస్తా. హైదరాబాదీ కోచ్ ఎస్.ఏ. రహీం (2024లో వచ్చిన "మైదాన్" సినిమా ఈయన మీదే) తయారుచేసిన ఆటగాళ్ళలో బలరాం ఒకరు. 1956 మెల్బోర్న్ ఒలింపిక్స్‌లో మన జట్టు నాలుగో స్థానంలో నిలిచింది. అందులో ఉన్నారు, ఇరవయ్యేళ్ళకే. 1960 రోమ్‌లో హంగేరీ మీద గోల్ కొట్టారు. మనం 2-1తో ఓడిపోయాం కానీ, అది ఆషామాషీ జట్టు కాదు. అందులో ఆడిన ఫ్లోరియన్ ఆల్బర్ట్‌ తర్వాత 1967లో బాలన్ డోర్ గెలిచాడు. ఆఖరి మ్యాచ్‌లో పెరూ మీద కూడా మన ఏకైక గోల్ బలరాందే. ఆ తర్వాత ఇండియా ఫుట్‌బాల్ జట్టు మళ్ళీ ఒలింపిక్స్ గడప తొక్కలేదు. అంటే, ఒలింపిక్స్‌లో మన దేశం కొట్టిన చివరి గోల్ ఇప్పటికీ అమ్ముగూడ కుర్రాడిదే!

1961లో ఈస్ట్ బెంగాల్ కెప్టెన్‌గా కలకత్తా లీగ్ గెలిచారు. 1962లో జకార్తా ఆసియా క్రీడల ఫైనల్లో దక్షిణ కొరియాని 2-1తో ఓడించి బంగారు పతకం తెచ్చిన జట్టులో ఉన్నారు. అదే ఏడు అర్జున అవార్డు. 1963లో ఊపిరితిత్తుల జబ్బు. ఇరవయ్యేడేళ్ళకి ఆట బంద్.

"పాపం" అనేసి ఊరుకుంటాం మనం. నా మటుకు నాకు ఆ మాట నచ్చదు. ఏడేళ్ళలో రెండు ఒలింపిక్స్, ఒక ఆసియా బంగారం. ఇది సగంలో ఆగిన కెరీర్ ఎలా అవుతుంది? కెరీర్‌ని ఏళ్ళతో కొలిచే రోగం మన రెజ్యూమెలది. పదేళ్ళ ఎక్స్‌పీరియన్స్ అని రాసుకుంటాం, అందులో ఒకే ఏడాది పనిని పదిసార్లు చేసి ఉంటాం.

పాపం అనాల్సింది ఆయన్ని కాదు, మనల్ని. ఆయనతోపాటు ముందువరసలో ఆడిన చునీ గోస్వామికీ, పీకే బెనర్జీకీ పద్మశ్రీ వచ్చింది. బలరాంకి రాలేదు. ఆయన ఆట మానేశాక దాదాపు అరవయ్యేళ్ళు బతికారు, బెంగాల్లో. 2023 ఫిబ్రవరిలో పోయారు. గుర్తించడానికి మనకి టైము చాల్లేదంటే ఎవరు నమ్ముతారు?

ఇది మోటివేషన్ మెయిల్ కాదండోయ్. ఆయనకొచ్చింది జబ్బు, నాకొచ్చింది ఖాళీ. రెండూ ఒకటి కావు. కానీ ఆయన గురించి చదివాక, నా అప్పటి హాస్టల్ ఫ్రెండుకి ఫోన్ చేసి, "ఒలింపిక్స్‌లో మనోళ్ళ లాస్ట్ గోల్ ఎవరిదిరా?" అనడిగాను.

"మనం ఒలింపిక్స్‌లో ఫుట్‌బాల్ ఆడినమా?" అన్నాడు వాడు.

మీ పక్క సీటాయన్ని కూడా ఓసారి అడిగి చూడండి.