కాగితముమీది కిలోమీటర్లు

ఎస్.యు.వి. తరగతి విద్యుత్కారులను విక్రయించు సంస్థలు తమ ప్రకటనలయందొక సంఖ్యను ఘనముగా చాటుచున్నవి. ఒకమారు చార్జి చేసినచో బండి యిన్ని కిలోమీటర్లు పోవునని దాని తాత్పర్యము. ఆ సంఖ్యను నమ్మి తిరుపతిలో టాక్సీ నడుపుకొని బ్రతుకువాడు బ్యాంకులో ఋణము చేసి బండి కొనుచున్నాడు. నెల తిరుగకమున్నే యా సంఖ్యకును తన బండికిని పొంతన లేదని గ్రహించుచున్నాడు. ఇది కొన్నవాని యజ్ఞానమని త్రోసివేయుటకు మేమొప్పుకొనజాలము.

ఈ సంఖ్య యెట్లు పుట్టుచున్నదో చూతము. మనదేశమున ఎం.ఐ.డి.సి. యను పరీక్షాపద్ధతి యమలులో నున్నది. బండిని రోడ్డుమీద గాక ప్రయోగశాలలో రోలర్లపై నిలిపి నడపుదురు. మొదటి భాగమున వేగము గంటకు 50 కిలోమీటర్లు దాటదు. సగటు సుమారు 19 మాత్రమే. రెండవ భాగమున పరమావధి 90. ఏ.సి. వేయరు. మే నెలలో 40 డిగ్రీలు మించు తిరుపతి యెండలో, ఏ.సి. లేకుండ నలుగురు యాత్రికులను కూర్చుండబెట్టుకొని నత్తనడకతో కాణిపాకము పోవు టాక్సీని మాకెవరైన చూపగలరా?

ఇంతకంటె విడ్డూరము మరియొకటి గలదు. 2024 ఆగస్టులో టాటావారు 55 కిలోవాట్ అవర్ల బ్యాటరీతో కర్వ్ విద్యుత్కారును విడుదల చేసి 585 కిలోమీటర్లనిరి. అది మొదటి భాగపు పరీక్షకు సంబంధించిన లెక్క. రెండు భాగములను కలిపి చూడగా నదే బండికి 502 తేలినది. బ్యాటరీలో నొక్క సెల్లు తీయలేదు, ఒక్క మర మార్చలేదు. 83 కిలోమీటర్లు గాలిలో కలిసిపోయినవి! రోడ్డుమీద 400 మొదలు 425 వరకు రాగలదని యా సంస్థవారే వేరొక లెక్క చెప్పుచున్నారు. ఆ మాట చెప్పినందుకు వారిని మెచ్చుకొందుము. అయితే ఆ సంఖ్యయే ప్రథమస్థానమున నుండవలెనని మా వాదము. బి.వై.డి.వారి ఆటో 3 సంగతి చూడుడు. 60.48 కిలోవాట్ అవర్ల బ్యాటరీకి మనదేశమున 521 కిలోమీటర్లు, ఐరోపాలో 420. అచ్చటి పరీక్షలో వేగము 131 వరకు పోవును. సముద్రము దాటినంతమాత్రమున బండి నూరు కిలోమీటర్లు చిక్కిపోవునా?

ఇక మన కొండల మాట. మేము న్యాయవాదులమే గాని యంత్రశాస్త్రజ్ఞులము గాము. అయినను బడిలో నేర్చిన లెక్క దీనికి చాలును. తిరుపతికంటె తిరుమల సుమారు 700 మీటర్లు ఎత్తు. జనముతో కలిపి ఇంచుమించు రెండు టన్నులుండు బండిని అంత యెత్తునకు చేర్చుటకే నాలుగు యూనిట్ల విద్యుత్తు కావలెను. 45 కిలోవాట్ అవర్ల నెక్సన్‌కు ప్రకటించిన 489 కిలోమీటర్లను నమ్మినచో ఒక్కొక్క యూనిటుకు దాదాపు 11 కిలోమీటర్లు నడువవలెను. అనగా 18 కిలోమీటర్ల ఘాట్ రోడ్డుకు రెండు యూనిట్లైన పట్టరాదు. కొండ యీ ప్రకటన చదువలేదు కాబోలు! దిగునప్పుడు కొంత విద్యుత్తు తిరిగి బ్యాటరీకి చేరుట నిజమే. విద్యుద్వాహనము కొండకు పనికిరాదని మేమనుట లేదు. 2022 సెప్టెంబరునుండి ఆర్.టి.సి.వారి విద్యుద్బస్సులు తిరుమలకు ఎక్కి దిగుచునే యున్నవి.

బెంగుళూరు ప్రయాణమో వేరు. తిరుపతినుండి చిత్తూరు, మొగిలి ఘాట్, పలమనేరుల మీదుగా సుమారు 250 కిలోమీటర్లు. గమ్యస్థానము మనకంటె 700 మీటర్లకు పైగా ఎత్తు. 489 అని చదివినవాడు ఒక్క చార్జితో పోయి రావచ్చుననుకొనును. ఆ సంస్థవారు రోడ్డుకు చెప్పిన లెక్క 350 మొదలు 375. మార్గమధ్యమున చార్జి చేయుచోట 80 శాతము దాటిన పిమ్మట విద్యుత్తు మెల్లగా నెక్కును; 10 శాతమునకు దిగినచో గుండె కొట్టుకొనును. కాగా రెండు మజిలీల నడుమ చేతికందునది నూటికి 70 పాళ్లే, 350లో 245!

పెట్రోలు బండ్ల మైలేజి మాత్రము నిజమా యని కొందరడుగుదురు. నిజము గాదు. కాని పెట్రోలు తరిగినవాడు దారిలోని బంకులో అయిదు నిమిషములలో నింపుకొని పోవును. చార్జి తరిగినవాడు పసిపిల్లలతో గంటసేపు పడిగాపులు పడును. స్వదేశీ పరిశ్రమలను విమర్శింపరాదను వాదమును గూడ వినుచున్నాము. స్వదేశీ తూనికరాయి తక్కువ తూగినను తప్పు తప్పే.

2019 నాటి వినియోగదారుల రక్షణచట్టములోని 2(28) సెక్షను ముఖ్యవిషయమును బుద్ధిపూర్వకముగా దాచిన ప్రకటనను సైతము పెడదారి పట్టించునదిగా నిర్వచించినది. 21వ సెక్షను క్రింద పదిలక్షల రూపాయలవరకు జరిమానా వేయవచ్చును. అయితే సర్కారు పరీక్ష యిచ్చిన సంఖ్యనే వేసితిమని కంపెనీలు బదులు చెప్పును. కనుక నీ వ్యాజ్యమున మొదటి ముద్దాయి యా పరీక్షను నిలిపియుంచిన ప్రభుత్వమే. గంటకు 100 కిలోమీటర్ల వేగముతో, ఏ.సి. వేసి, నిండు జనముతో నడిపిన లెక్కను ప్రతి ప్రకటనలోను సమానమైన యక్షరములతో ముద్రింపవలెనని కేంద్ర రవాణాశాఖ శాసింపవలెను. ఆ శాసనము వచ్చులోపల కొనువారికి మా సలహా యొకటి: అడ్వాన్సు చెల్లింపకమున్నే, చిత్తూరునుండి పలమనేరువరకు నలుగురితో, ఏ.సి. వేసి, బండి నడిపి చూపుమని డీలరును కోరుడు. ఒప్పుకొననివాని గడప దిగి మరియొక దుకాణమునకు పొండు.