అబ్బా గడియారం, నలభై వాటాలు



గత నెల గరివిడిలో ఇద్దరు అన్నదమ్ములు మా వద్దకు వచ్చారు. ఇక్కడి ఫెర్రో అల్లాయ్స్ కర్మాగారంలో పనిచేసిన వారి తండ్రి ఇటీవలే అల్లాహ్ సన్నిధికి చేరుకున్నారు. ఆయన చేతి గడియారాన్ని మా ముందుంచి, "మౌలానా సాహెబ్! ఇది అసలుదైతే మంచి ధర ఇస్తామంటున్నారు. ఎలా తెలుసుకోవాలి?" అని పెద్దవాడు అడిగాడు.

అది హెచ్.ఎం.టి. జనతా. 1961లో జపాను సిటిజన్ సంస్థ సహకారంతో బెంగళూరులో మొదలైన కర్మాగారం ఆ గడియారాలను ఇంటింటికీ చేర్చింది. తయారీ ఆగిపోయాక పాతవాటికి గిరాకీ పెరిగింది. దానితోపాటు ఒకదాని భాగాలు మరొకదానికి అతికించి అమ్మడమూ పెరిగింది.

చీపురుపల్లిలో గడియారాలు బాగుచేసే ఒక పెద్దాయనకు దానిని చూపించాము. ఆయన వెనుక మూత తీసి, యంత్రంపై ఉన్న సంస్థ పేరును, 17 జ్యుయెల్స్ అన్న అక్షరాలను చూపారు. అయితే ఒకే రకం యంత్రాన్ని జనతాలోనూ, పైలట్‌లోనూ అమర్చేవారు కనుక, యంత్రాన్ని బట్టి మాత్రమే గడియారం పేరు నిర్ణయించలేమన్నారు. డయల్ మీది అక్షరాలు సన్నగా, వయసుకు తగ్గట్టు వెలిసి ఉన్నాయి. కొత్తగా రంగు వేసిన డయల్ అయితే అక్షరాలు మందంగా, అతిగా మెరుస్తూ ఉంటాయట. కీ ఇచ్చే మర మాత్రం పసుపు రంగుది; గడియారమేమో ఉక్కుది. ముళ్లలో చీకట్లో వెలిగే పూత ఉంది. డయల్ మీద ఆ పూత చుక్క కూడా లేదు. అంటే ముళ్లు, మర బయటి నుంచి వచ్చినవే.

పెద్దవాడి ముఖం చిన్నబోయింది. "ఈ సంగతి కొనేవాడికి చెప్పాలా?" అన్నాడు.

దైవప్రవక్త (సల్లల్లాహు అలైహి వ సల్లం) ఒకనాడు బజారులో ధాన్యపు రాశిలో చేయి పెట్టగా లోపల తడి తగిలింది. ఆ తడిని జనం చూసేలా పైన ఎందుకు ఉంచలేదని వర్తకుణ్ణి నిలదీశారు. మారిన ముళ్లు కూడా ఆ తడి వంటివే. చెప్పి అమ్మితే వ్యాపారం, దాచి అమ్మితే మోసం.

అంతకన్నా ముందు మరో ప్రశ్న ఉంది: ఈ గడియారం ఎవరిది? మృతుడు వదిలినది కొంచెమైనా, ఎక్కువైనా స్త్రీ పురుషులిద్దరికీ అందులో వాటా ఉందని దివ్య ఖుర్ఆన్‌లోని అన్నిసా సూరా చెబుతోంది. అప్పులు, వీలునామా తీరాక, ఈ కుటుంబంలో దాని విలువ నలభై వాటాలు: తల్లికి అయిదు, కుమారులు ఒక్కొక్కరికి పద్నాలుగు, కుమార్తెకు ఏడు. ఆ చెల్లెలిని ఎవరూ అడగనే లేదు.

ఫోనులో అడిగితే ఆమె చెప్పింది: "ఆ ముళ్లు అబ్బాయే వేయించుకున్నారు, భాయ్. ఫజ్ర్‌కు లేచినప్పుడు దీపం వేస్తే మన నిద్ర చెడుతుందని."

అన్నదమ్ములు చాలాసేపు మాట్లాడలేదు. ధర తగ్గించిన భాగమే తండ్రిని గుర్తుచేసింది. తల్లి, పిల్లలు అందరూ మనస్ఫూర్తిగా ఒప్పుకొని దానిని చెల్లెలికి ఇచ్చారు.

మీ ఇంట్లోనూ అలాంటి వస్తువు ఉంటే, మూత తెరిచి చూడండి. ఏది అసలుది, ఏది మారినదో రాసి పెట్టుకోండి. అమ్మే ముందు, వారసులందరినీ అడగండి.