ఆఫీసులో పెద్దాయన తర్వాత

దిబ్బూరహళ్ళి విడిచి బెంగళూరు చేరిన మన కుటుంబాల్లో ఇప్పుడు సేద్యగాళ్ల కన్నా ఆడిటర్లూ వకీళ్లే ఎక్కువ. కొందరు ఆఫీసు పెట్టి నలభై ఏళ్లు దాటింది. డెబ్బై ఏళ్లొచ్చినా బీగంచెవి వాళ్ల దగ్గరే. ఎప్పుడు దిగుతారని అడిగితే "చూద్దాంలే" అంటారు. ఆ "చూద్దాంలే" మీదే మాకు తగువు.

దిగితే ఇంక మనల్ని ఎవరూ అడగరనే భయం కొందరిది. మన జిల్లా ముద్దేనహళ్ళిలో పుట్టిన విశ్వేశ్వరయ్యగారిని చూడండి. ఆయన పెద్దలు మోక్షగుండం నుంచి వచ్చినవాళ్లే. 1908లో బొంబాయి కొలువు తానే వదులుకున్నారు. ఆ ఏడే మూసీ వరద వస్తే హైదరాబాదు ఆయన్ను పిలిపించుకుంది. 1912లో మైసూరు దివానయ్యారు, 1918లో అదీ వదిలేశారు. ఆ తర్వాత 44 ఏళ్లు బ్రతికారు, భద్రావతి ఇనుము కర్మాగారాన్ని నిలబెట్టిందీ ఆ కాలంలోనే.

అయితే ఆయనది సర్కారు కుర్చీ, ఖాళీ అయితే ఇంకొకరిని కూర్చోబెడతారు. మనవాళ్ల ఆఫీసులకు ఆ ఏర్పాటు లేదు. 1932 పార్టనర్‌షిప్ చట్టం ప్రకారం, డీడ్‌లో వేరే మాట రాసుకోకపోతే, ఒక పార్టనరు పోతే సంస్థే రద్దయిపోతుంది. ఉన్నదే ఇద్దరైతే డీడ్‌లో ఏం రాసుకున్నా నిలవదు. కాబట్టి మూడోమనిషిని ముందుగానే చేర్చుకోవాలి. బ్రతికుండగా దిగినవాళ్లకూ చిక్కుంది: బహిరంగ ప్రకటన ఇవ్వకపోతే, తర్వాత ఆఫీసు చేసే పనులకు బయటివాళ్ల దగ్గర ఆయన బాధ్యతా ఉంటుంది. లెక్క తేల్చకుండా మిగతావాళ్లు వ్యాపారం నడిపితే, తన వాటా మీద వచ్చిన లాభమో, ఏడాదికి 6 శాతం వడ్డీయో, ఏదో ఒకటి కోరుకోవచ్చు. ఇంటి ఆడవాళ్లకు ఈ సంగతి తెలిసుండాలి. చాలా ఇళ్లల్లో తెలియదు.

ఆడిటర్లకు ఒక వెసులుబాటుంది. దిగిపోయిన పార్టనరుకూ, పోయినాయన వారసులకూ ఫీజులో వాటా ఇవ్వడాన్ని వాళ్ల చట్టం తప్పుపట్టదు. ఎంత, ఎన్నేళ్లు అన్నది డీడ్‌లో రాసుకుంటే చాలు. సి.ఎ. కాని కొడుకును మాత్రం పార్టనరుగా కూర్చోబెట్టలేరు. ఆ ఆశతోనే ఇరవై ఏళ్లు పనిచేసిన జూనియరును పక్కన పెడతారు మనవాళ్లు. అతను పోతే క్లయింట్లూ వెంట పోతారు. తప్పు ఎవరిదంటారు?

శానుభోగం కాలంలో కొడుకు తండ్రి పక్కన కూర్చుని ఏళ్లతరబడి లెక్కలు రాసేవాడు. రైతులకు అతని ముఖమూ అక్షరమూ ముందే తెలుసు. 1961 చట్టంతో ఆ వంశపారంపర్య ఉద్యోగం పోయింది, పోవాల్సిందే. పక్కన కూర్చోబెట్టుకునే పద్ధతి మాత్రం పోకుండా ఉండాల్సింది. దిగడానికి మూడు నాలుగేళ్ల ముందునుంచే ప్రతి క్లయింటుతో మాట్లాడేటప్పుడు జూనియరును పక్కన ఉంచుకోండి, ఉత్తరాల కింద అతని సంతకం పెట్టించండి.

ఈసారి ఉగాదికి ఊరికొచ్చే పెద్దలు డీడ్ కాపీ ఒకటి సంచిలో వేసుకుని రండి. ఒబ్బట్లు తిన్నాక అరుగు మీద కూర్చుని చదువుదాం.