ఆరు దినములు మూసిన తలుపులు

మహానగరముల నడిబొడ్డున, ఇరుకుసందులకును కూలివాడలకును నడుమ నిలిచియున్న క్రైస్తవమందిర మేదైనను, తన ప్రహరీగోడ కావల వసించు బిడ్డల ఆకలిని, చదువులేమిని, దిక్కులేనితనమును ఎరిగియుండియు, ఆదివారమున రెండుమూడు గంటలు స్తోత్రగీతముల నాలపించి, తక్కిన ఆరు దినములును తలుపులకు తాళము వేసికొని యుండుటకు దానికి హక్కు లేదని మా దృఢాభిప్రాయము. ఆ బిడ్డల తల్లిదండ్రులు ఏ మతమువారు, ఏ సంఘమున పేరు వ్రాయించుకొనిరి, రేపు బాప్తిస్మము పొందుదురా పొందరా యను ప్రశ్నలు ఈ ధర్మమును ఇసుమంతయు సడలింపజాలవు. పెట్టెడి అన్నమునకు విశ్వాసమును వెలగా అడుగరాదు. అడుగుదురేమో యను అనుమానమును పట్టుకొని, పెట్టువారి చేతిని అడ్డగించుటయు తగదు. ఈ రెండు మాటలను మేము జంటగానే చెప్పుచున్నాము, ఏలయన వీనిలో ఒకదానిని మాత్రమే చెప్పువారు మన దేశమున బహుళముగా నున్నారు.

మా వాదమునకు నిదర్శనముగా అమెరికా పశ్చిమతీరమున, సాన్‌ఫ్రాన్సిస్కో అఖాతపు తూర్పుగట్టున నున్న ఓక్లండు నగరపు వృత్తాంతమును పాఠకుల ముందుంచుచున్నాము. ఆ నగరపు పశ్చిమభాగము ఒకప్పుడు ఖండమును దాటివచ్చు రైలుమార్గమునకు చివరి మజిలీ. పుల్మన్ రైలుపెట్టెలలో పనిచేయు నల్లజాతి పోర్టర్లు అక్కడ ఇండ్లు కట్టుకొనిరి. రెండవ ప్రపంచయుద్ధకాలమున ఓడలు కట్టు కర్మాగారములలో పనికై లూసియానా, టెక్సాసు రాష్ట్రములనుండి వేలకొలది కుటుంబములు వారికి తోడైనవి. యుద్ధముతోపాటు ఆ పనులును ముగిసెను. మనుష్యులు మాత్రము మిగిలిరి. అట్టి వాడలను పటములలో ఎర్రరంగుతో గుర్తించి, గృహఋణములకు అనర్హములని త్రోసిపుచ్చుట అదివరకే ఆనవాయితీ యై యుండగా, 1957లో సైప్రెస్ వీధి మీదుగా రెండంతస్తుల రహదారివంతెన నొకదానిని లేపి, ప్రభుత్వము ఆ వాడను నిలువునా చీల్చినది. 1989 అక్టోబరు 17వ తేదీ భూకంపమున ఆ వంతెన కూలి 42 మందిని బలిగొనునంతవరకు, మూడు దశాబ్దములకు పైగా అక్కడి పిల్లలు దాని నీడలోను, దాని పొగలోను పెరిగిరి. పేదరికము ఆ ప్రజల స్వభావదోషమని చెప్పువారు ఆ వంతెనను ఎవరు కట్టిరో, ఆ పటములకు ఎర్రరంగు ఎవరు పూసిరో ముందుగా చెప్పవలసియుండును.

ఇట్టి వాడలనుండి తెల్లజాతి మధ్యతరగతివారు నగరపు పొలిమేరలలోని క్రొత్తపేటలకు తరలిపోవుచుండగా, అమెరికాలోని అనేక నగరములలో అనేక సంఘములు తమ మందిరములను అమ్మివేసి వారి వెంటనే వెడలిపోయెను. చందా నిచ్చువారు ఎక్కడికి పోయిన నక్కడికి పోవుటయే సంఘధర్మమైనచో ఆ వలసను తప్పుపట్ట నక్కరలేదు. ఒక వాడను నమ్మి నిలుచుట సంఘధర్మమైనచో అది పరిత్యాగము తప్ప వేరొకటి కాదు. ఓక్లండులో ఇరువదియేడవ వీధియు వెస్టు వీధియు కలియుచోట నున్న సెయింట్ అగస్టీన్ ఎపిస్కోపల్ మందిరము మాత్రము ఆ వాడను విడువలేదు.

1969 జనవరిలో ఆ మందిరపు హాలులో, గురువైన ఫాదర్ ఎర్ల్ నీల్ ఆదరణతో, బ్లాక్ పాంథర్ పార్టీ కార్యకర్తలు బడికి పోవు పిల్లలకు ఉచితముగా ఉదయాహారము పెట్టుట కారంభించిరి. హ్యూయీ న్యూటన్, బాబీ సీల్ అను యువకులు 1966లో ఓక్లండులోనే స్థాపించిన ఆ పార్టీ, పోలీసుల దౌర్జన్యము నెదుర్కొనుటకై బహిరంగముగా తుపాకులు ధరించి తిరిగి దేశమంతటను సంచలనము రేపినది. అట్టివారికి దేవుని మందిరమున చోటిచ్చుట ఎంత సాహసమో ఊహింపవచ్చును. ఆ సంఘసభ్యురాలును, నృత్యోపాధ్యాయినియు నైన రూత్ బెక్‌ఫర్డ్ ఈ కార్యమునకు తోడుగా నిలిచినది. ఏ ఆహారము పెట్టవలెనో పోషకాహార నిపుణుల నడిగి తెలిసికొని, గుడ్లు, మాంసము, పాలు, నారింజపండ్లు వడ్డించిరి. మొదటినాడు వచ్చిన బిడ్డలు 11 మంది. వారము ముగియునప్పటికి 135 మంది. తరువాత బడి ప్రధానోపాధ్యాయుడు వచ్చి, పిల్లలు తరగతిలో నిద్రపోవుట మానిరనియు, కడుపునొప్పితో ఏడ్చుట మానిరనియు చెప్పెనని బెక్‌ఫర్డ్ అనంతరకాలమున జ్ఞప్తికి తెచ్చుకొన్నది. ఆకలితో వచ్చిన బిడ్డకు గణితము రాలేదని కొట్టిన ఉపాధ్యాయులు మన దేశమునను కొల్లలుగా గలరు. ఆ బిడ్డ కడుపులో ఏమున్నదో అడిగినవారు అరుదు.

ఆ సంవత్సరాంతమునకు ఈ ఉదయాహారము అనేక నగరములకు వ్యాపించి, చాలచోట్ల చర్చిహాళ్లలోనే, వేలాది బిడ్డలకు అందుచుండెను. దీనిని చూచి ప్రభుత్వము సంతోషింపలేదు. కేంద్ర నేరపరిశోధక సంస్థ అధిపతి ఎడ్గార్ హూవర్, ఆ పార్టీ తుపాకులకంటె ఈ ఉదయాహారమే దానికి ప్రజలలో ఆదరము తెచ్చిపెట్టుచున్నదని భయపడి, 1969 మే నెలలో తన అధికారులకు వ్రాసిన లేఖలో దానిని పెద్ద ప్రమాదముగా పరిగణించెను. షికాగోలో మొదటి దినపు వడ్డనకు ముందటి రాత్రి పోలీసులు చర్చిలో జొరబడి ఆహారపదార్థములను పాడుచేసిరని ఆనాటి కార్యకర్త్రి యొకతె సాక్ష్యమిచ్చినది. బిడ్డల పళ్లెమును చూచి భీతిల్లిన ప్రభుత్వము తన అపరాధమును తానే చాటుకొన్నట్లు మేము తలచెదము. ఏలయన ఆ పళ్లెము నింపవలసిన మొదటి బాధ్యత దానిదే. 1966లో ప్రయోగముగా ఆరంభించిన పాఠశాల ఉదయాహార పథకమును అమెరికా కాంగ్రెసు 1975లో శాశ్వతము చేసెను. ఓక్లండు హాలే దీనికి ఏకైక కారణమని చెప్పుట అతిశయోక్తి యగును. కాని నగరమునుండి నగరమునకు ప్రాకిన ఆ ఉదాహరణము ముందుండగా, ఇది అసాధ్యమని చెప్పుటకు ఎవరికిని నోరు రాకపోయెనని మాత్రము నిస్సంశయముగా చెప్పవచ్చును.

అయితే ఆ హాళ్లలో పలుచోట్ల ఆహారముతోపాటు పార్టీ పాటలను, పార్టీ సిద్ధాంతములను కూడ బిడ్డలకు నేర్పిరి. దీనిని మేము సమర్థింపము. గుడ్డు పెట్టుచు ప్రార్థన చేయించుట ఎట్టిదో, గుడ్డు పెట్టుచు నినాదము పలికించుటయు అట్టిదే. రెండింటను బిడ్డ ఆకలి మరియొకరి ప్రయోజనమునకు సాధనమగుచున్నది. అరణ్యమున అయిదు రొట్టెలను రెండు చేపలను పంచిన ఘట్టమున, ఆ జనసమూహములో శిష్యు లెవరు, కానివా రెవరు అని ఏరినట్లు సువార్తలలో ఎక్కడను లేదు. అందరి ఆకలియు తీరెననియే యున్నది. ఆ రొట్టెలును ఒక బాలుని చేతిలోనివే యని యోహాను వ్రాసెను. మందిరమునకు తన గ్రంథములో ఇంతకంటె స్పష్టమైన ఆజ్ఞ కావలెనా?

ఇది లౌకికకార్యము, దేవాలయమునకు తగినది కాదు అను ఆక్షేపణ నూతనమైనది కాదు. 1780లో ఇంగ్లండులోని గ్లాస్టరు పట్టణమున, వారమంతయు గుండుసూదుల కర్మాగారములలో పనిచేసి ఆదివారమున వీధులలో తిరుగు బిడ్డలకై రాబర్ట్ రేక్స్, థామస్ స్టాక్ అను పాదిరితో కలిసి, ఆదివారపు బడిని తెరచినప్పుడు, విశ్రాంతిదినమున అక్షరములు నేర్పుట పాపమని కొందరును, పేదలు చదువనేర్చినచో లోబడియుండరని కొందరును గగ్గోలు పెట్టిరి. ఆ రేక్స్ గ్లాస్టరు జర్నల్ అను పత్రికకు సంపాదకుడు. తన పత్రికలోనే 1783లో ఆ బడినిగూర్చి వ్రాసి దేశమునకు తెలియజేసెను. మా వృత్తిలోనివాడు ఇట్టి పని చేసెనని చదివినప్పుడెల్ల మాకు గర్వమును, బాధ్యతయు ఏకకాలమున తోచుచుండును. ఇంగ్లండులో ప్రభుత్వము ప్రాథమికవిద్యను తన బాధ్యతగా స్వీకరించు శాసనము చేయుటకు 1870 వరకు, అనగా తొంబది సంవత్సరములు పట్టెను. అంతకాలము ఆ బిడ్డలను ప్రభుత్వము వచ్చువరకు వేచియుండుడని చెప్పుట ఏ ధర్మమగును?

ప్రతి వేసవియందును తెలుగునాట చర్చిలలో వి.బి.ఎస్. (వెకేషన్ బైబిల్ స్కూల్) అను పేర జరుగు బాలల పాఠశాల కూడ ఇట్టి వాడలోనే పుట్టినది. 1898లో న్యూయార్కు తూర్పుభాగమున, వలసవచ్చిన కూలికుటుంబములు క్రిక్కిరిసియున్న అద్దెయిండ్ల నడుమ, శ్రీమతి హాస్ అను నామె ఒక బీరుశాలను అద్దెకు తీసికొని, సెలవులలో వీధులపాలైన పిల్లలను చేర్చి, కథలును పాటలును ఆటలును చేతిపనులును నేర్పినది. 1901లో రాబర్ట్ బోవిల్ అను బాప్టిస్టు పాదిరి ఆ పద్ధతిని నగరమున విస్తరింపజేసెను. ఆయన తర్కము మిక్కిలి సూటియైనది: వేసవిలో పిల్లలు ఖాళీగా నున్నారు, చర్చిభవనములు ఖాళీగా నున్నవి, కళాశాల విద్యార్థులును ఖాళీగా నున్నారు, ఈ మూడు ఖాళీలను కలిపినచో ఒక బడి యగును.

ఇప్పుడు మన నగరములను చూడుడు. సికింద్రాబాదు, విజయవాడ, గుంటూరు, విశాఖపట్టణములలో మిషనరీల కాలమున ఊరి అంచున కట్టిన మందిరములు అనేకము, ఊళ్లు పెరుగుటచే, నేడు నడిబొడ్డున నున్నవి. వాని ఆవరణలు విశాలములు. చెట్లు, బావులు, హాళ్లు, వంటసామగ్రి గలవు. గోడ కావల ఇస్త్రీబండ్లవారు, ఆటోడ్రైవర్లు, ఇండ్లలో పాచిపని చేయు స్త్రీలు, పొరుగురాష్ట్రములనుండి వచ్చిన భవననిర్మాణ కూలీలు కాపురముందురు. వారి పిల్లలకు బడి యున్న దినములలో ఒక పూట అన్నము దొరకును. దానికి మూలమైన సంప్రదాయమును తలచునప్పుడు, తెలుగువాడైన పిట్టి త్యాగరాయశెట్టి అధ్యక్షతన మదరాసు నగరపాలక సంస్థ 1920లో థౌజండ్ లైట్స్ పాఠశాలలో పెట్టించిన ఫలహారమును స్మరింపవలెను; ప్రభుత్వ పాఠశాలలలో వండిన భోజనము పెట్టితీరవలెనని సుప్రీంకోర్టు 2001 నవంబరు 28న ఆజ్ఞాపించెను. కాని ఏప్రిలు చివరినుండి జూను రెండవవారము వరకు బడులు మూతపడును. బడితో పొయ్యియు ఆరును. కరవుప్రాంతములలో వేసవియందును భోజనము పెట్టవలెనని అదే న్యాయస్థానము 2004లో ఆదేశించినది. నగరపు మురికివాడలోని కరవు ఏ లెక్కలకును ఎక్కదు. తల్లిదండ్రులు పనికిపోగా ఆ బిడ్డలు పగలంతయు వీధిలో నుందురు, మధ్యాహ్నమున ఏమి దొరికిన నది తిందురు.

సరిగా ఆ ఏడు వారములలోనే మన చర్చిలు వి.బి.ఎస్. జరుపుచున్నవి! పదిదినములు పాటలు పాడించి, బహుమతులు పంచి, చివరిదినమున ఊరేగింపు తీసి ముగించుచున్నవి. మాకు తెలిసినంతలో పెక్కుచోట్ల కూర్చుండువారు సంఘసభ్యుల బిడ్డలే; గేటువద్ద నిలిచి తొంగిచూచు పిల్లలను కాపలాదారు అదలించి పంపును. వాడలోని బిడ్డకొరకు బీరుశాలలో పుట్టిన బడి, వాడలోని బిడ్డకు తలుపు మూయు స్థితికి వచ్చినదన్న మాట. దీనికి భిన్నముగా, పేరుకు ప్రాకులాడక, సాయంకాలపు ట్యూషన్లును, ఒక పూట భోజనమును అందరి బిడ్డలకును సమముగా నిచ్చుచున్న సంఘములును గలవు. వానికి మా నమస్కారము. కొన్ని మందిరములు వీధివైపు స్థలమును దుకాణములకు అద్దెకిచ్చి సంపాదించుచున్నవి. ఆ అద్దెలో కొంతభాగము చాలును, ఆ వీధి పిల్లలకు ఏడు వారములు అన్నము పెట్టుటకు.

బిడ్డలను పిలుచువారికి మరియొక కఠినమైన బాధ్యత గలదు. దానిని మృదువుగా చెప్పుట మాకు ఇష్టము లేదు. మతగురువులు బాలబాలికలపై చేసిన అత్యాచారములను పెద్దలు దశాబ్దములపాటు ఎట్లు కప్పిపుచ్చిరో 2002లో బోస్టన్ గ్లోబ్ పత్రిక లోకమునకు వెల్లడించెను. ఆ వ్యాధి ఒక మతమునకో ఒక దేశమునకో పరిమితము కాదు. ఆశ్రమములలోను, మదరసాలలోను, హాస్టళ్లలోను అధికారమును మౌనమును కలిసినచోట నెల్ల అది పుట్టుచున్నది. కావున ఏ హాలునందును ఒక పెద్దవానితో ఒక బిడ్డ ఒంటరిగా ఉండరాదు; పనిచేయువారి పూర్వాపరములు విచారింపవలెను; తల్లులలో ఇద్దరు ప్రతిదినమును అక్కడ కూర్చుండవలెను. నేరము తెలిసియు పోలీసులకు తెలుపకుండుట 2012 నాటి పోక్సో చట్టమున శిక్షార్హము. సంఘపు పరువును కాపాడుటకై బిడ్డ నోరు మూయించు పాస్టరునకును, పెద్దకును ఆ పరిచర్యలో క్షణమైనను చోటుండరాదు.

మతమార్పిడి భయముతో ఇట్టి ప్రయత్నములను ఆపజూచువారితో మాదొక మాట. మీ అనుమానము నిజమైనచో దానికి ఉపాయము తలుపు మూయించుట కాదు, తలుపు లోపలికి వచ్చి చూచుట. వాడలోని అన్ని మతముల తల్లులును పర్యవేక్షకసంఘమున నుండవలెను. భోజనమునకు ముందుగాని వెనుకగాని ప్రసంగము విని తీరవలెనన్న నియమము ఉండరాదు. జమాఖర్చుల పట్టిక గేటువద్ద వ్రేలాడవలెను. ఈ మూడును ఒప్పుకొనని మందిరము ఈ పనికి పూనుకొనకుండుటయే మేలు. ఒప్పుకొన్న మందిరమును బెదరించువారిని పోలీసులు నిర్దాక్షిణ్యముగా అరికట్టవలెను. ఆవరణములు గల దేవస్థానములకును, మసీదులకును, గురుద్వారములకును ఇదే నియమము, ఇదే రక్షణ.

ప్రభుత్వము చేయవలసినదియు గలదు. మధ్యాహ్నభోజనపు వంటచేయు స్త్రీలకు సంవత్సరమునకు పది నెలలకే గౌరవవేతనము లభించుచున్నది. వేసవిలో వారి పొయ్యియు ఆరిపోవుచున్నది. వారినే ఈ హాళ్లలో వంటకు నియమించి ఆ రెండు నెలల వేతనమును చెల్లింపవచ్చును. పౌరసరఫరాల గిడ్డంగినుండి బియ్యమును, అంగన్‌వాడీలకు వచ్చు మార్గముననే గుడ్లను సమకూర్పవచ్చును. రానున్న ఏప్రిలులో బడులు మూతపడులోపల ప్రతి నగరమునందును సంఘపెద్దలు సమావేశమై, తమ హాలును ఏ తేదీనుండి ఏ తేదీవరకు, ఎందరు బిడ్డలకు తెరచియుంచగలరో వ్రాతపూర్వకముగా నగరపాలక సంస్థకు తెలుపవలెననియు, నగరపాలక కమిషనర్లు ఆ లేఖ అందిన పదునైదు దినములలో వంటమనుష్యులను, బియ్యమును మంజూరుచేసి ఉత్తరువు లీయవలెననియు మేము కోరుచున్నాము.