దిగమన్నా దిగొద్దు

వానలు మొదలయ్యేలోగా డ్రైనేజీల పూడిక తీయించాలన్న హడావుడి ఏటా ఉండేదే. లేబర్ అడ్డాల మీద నిలబడ్డ కూలీలకు మేస్త్రీల పిలుపులు ఎక్కువయ్యేది కూడా ఈ రోజుల్లోనే. ‘‘ఏం కాదురా, పది నిమిషాల పని. దిగి ఆ గడ్డ తీసేసి రా, డబుల్ కూలి ఇప్పిస్తా’’ అంటారు. ఆ మాట అనేది కాంట్రాక్టరైనా, మున్సిపాలిటీ సూపర్‌వైజరైనా, అపార్ట్‌మెంట్ సంఘం కార్యదర్శైనా ఒకటే. రక్షణ ఏర్పాట్లు లేకుండా మనిషిని మ్యాన్‌హోల్లోకో సెప్టిక్ ట్యాంకులోకో దిగమనడం నేరం. ఆ ఆజ్ఞను కాదనే హక్కు కూలీకి ఉంది. ప్రాణం పోయే చోట నిలబడ్డ మనిషికే ఈ సంగతి తెలియకపోవడం మన అందరి తప్పు.

2013లో వచ్చిన పాకీపని నిషేధ చట్టం ఏడో సెక్షన్ ఈ విషయం సూటిగా చెబుతుంది. నేరుగా గానీ, మధ్యవర్తి ద్వారా గానీ ఎవరినీ ఇలాంటి ప్రమాదకరమైన పనికి పెట్టకూడదు. మొదటిసారి పెడితే రెండేళ్ల వరకు జైలు, లేదా రెండు లక్షల వరకు జరిమానా, లేదా రెండూ. మళ్లీ పెడితే అది ఐదేళ్లు, ఐదు లక్షల వరకు వెళ్తుంది. బెయిలు హక్కుగా దొరకని నేరం ఇది. శిక్ష దింపినవాడికి, దిగినవాడికి కాదు. దళితుణ్ణో గిరిజనుణ్ణో పాకీపనికి పెడితే అట్రాసిటీ చట్టం కూడా వర్తిస్తుంది. ఇక హైదరాబాద్ సంగతి: 2025 జనవరిలో సుప్రీంకోర్టు ఆరు మహానగరాల్లో మనుషుల చేత మురుగు కాలువలు శుభ్రం చేయించడాన్ని ఆపాలని ఆదేశించింది. ఆ ఆరింటిలో హైదరాబాద్ ఒకటి.

మిగతా ఊళ్లలో తప్పనిసరై మనిషిని దింపాల్సిన సందర్భాలు కొన్నింటిని నిబంధనలు ఒప్పుకుంటాయి. అప్పుడైనా రక్షణ పరికరాలుండాలి, లోపలి గాలిని ముందే మీటరుతో పరీక్షించాలి, పైన మనుషులు కాపలా ఉండాలి. వేరే దారి లేదని దింపేటట్టయితే స్థానిక సంస్థ ముఖ్య అధికారి కారణాలు నమోదు చేసి రాతపూర్వకంగా అనుమతి ఇవ్వాలి. కాబట్టి కూలీ అడగాల్సిన మొదటి మాట ‘‘కాగితం ఏది సార్?’’ రెండోది ‘‘గాలి మీటరు ఏది?’’ ఈ రెండింటిలో ఏ ఒక్కటి లేకపోయినా దిగకూడదు. మొహానికి కట్టుకునే తువ్వాలు, మందుల షాపులో దొరికే మాస్కు రక్షణ పరికరాలు కావు. అవి విషవాయువును ఆపలేవు.

ఆ గాలి గురించి వివరంగా చెప్పాలి. చాలామంది పాత అనుభవాన్ని నమ్ముకుని చనిపోతున్నారు. మురుగు కుళ్లినచోట హైడ్రోజన్ సల్ఫైడ్ పుడుతుంది. గాలి కన్నా బరువైన వాయువు కాబట్టి అడుగున పేరుకుంటుంది. కొద్దిగా ఉన్నప్పుడు కుళ్లిన కోడిగుడ్డు వాసన వస్తుంది. మోతాదు పెరిగితే ముక్కు వాసన పట్టే శక్తినే కోల్పోతుంది. వాసన తగ్గింది, ఇక పరవాలేదు అనుకునే క్షణమే అన్నిటికన్నా ప్రమాదం. ఇంకా పెరిగితే రెండు మూడు ఊపిరులకే మనిషి కూలిపోతాడు, కేక వేసే వ్యవధి కూడా ఉండదు. పైన మూత తీసి కాసేపు వదిలేస్తే సరిపోతుందన్నది తప్పుడు నమ్మకం. పైకి నిశ్చలంగా ఉన్న పూడికను గడ్డపారతో కదిపినప్పుడే లోపల చిక్కుకున్న వాయువు ఒక్కసారిగా బయటికొస్తుంది. అగ్గిపుల్ల గీసి చూడటం మరీ ఘోరం. లోపల మీథేన్ ఉంటే అంటుకుంటుంది.

కాదనడం ఎలాగన్నది అసలు చిక్కు. ఆ పూట కూలి మీదే ఇల్లు గడిచేవాడికి ఇది ఎంత కష్టమో తెలియక రాస్తున్న మాటలు కావివి. మూత తెరిచాక, నలుగురూ చుట్టూ మూగి తొందరపెడుతుంటే, చేతిలో ముందే ఐదొందలు పెట్టేసి ఉంటే నోరు పెగలదు. అందుకే అడ్డా దగ్గరే, బండి ఎక్కకముందే అడగాలి: పని ఏమిటి, లోపలికి దిగేదా, మిషన్ వస్తుందా? ఒంటరిగా ఒప్పుకోవద్దు. ఒకరు కాదన్న పనికి పక్కవాడు వెళ్లిపోతే ఆ కాదనడానికి విలువ పోతుంది కనుక అడ్డా అంతా ఒక్క మాట మీద ఉండాలి. పని దగ్గరికి వెళ్లాక తెలిస్తే గొడవ పడనక్కర్లేదు. ‘‘దిగను సార్, చట్టం ఒప్పుకోదు. మిషన్ తెప్పించండి, పైన పని చేస్తా’’ అంటే చాలు. దింపడానికి ముందు మందు తాగిస్తే అసలు ఆగొద్దు, అక్కణ్ణుంచి వచ్చేయండి. బెదిరిస్తే 112కు ఫోన్ చేయండి.

కాంట్రాక్టరుకూ కూలీకీ మధ్య నిలబడే చిన్న ఉద్యోగులకు కూడా ఒక మాట. ‘పైవాళ్లు చెప్పారు, నేను చేయించాను’ అన్న జవాబు మిమ్మల్ని కాపాడదు. పైనుంచి ఫోన్లో మాట వస్తే రాసి ఇమ్మని అడగండి. నోటితో ధైర్యంగా చెప్పిన అధికారి ఆ మాట కాగితం మీద పెట్టడానికి చాలాసార్లు వెనకాడతాడు. ఆ వెనుకంజలోనే ఒక ప్రాణం దక్కవచ్చు.

అన్నిటికన్నా కాదనడం కష్టమైన ఆజ్ఞ ఇంకొకటి ఉంది. లోపల ఒకడు పడిపోగానే ‘‘దిగి లాగండ్రా’’ అని కేక వస్తుంది. 2015 నవంబరులో కోళికోడ్‌లో మన ఆంధ్ర నుంచి వెళ్లిన ఇద్దరు కార్మికులు మ్యాన్‌హోల్లో చిక్కుకున్నారు. దారిన పోతున్న ఒక ఆటోడ్రైవరు వాళ్లను కాపాడబోయి తానూ లోపలే చనిపోయాడు. ముగ్గురూ దక్కలేదు. మనిషిగా అతనికి చేతులెత్తి మొక్కాలి, కానీ అతని దారిలో వెళ్లొద్దనే చెప్పాలి. పడిపోయింది సొంత తమ్ముడైనా ఆక్సిజన్ సిలిండరు లేకుండా దిగితే పైకి వచ్చేవి రెండు శవాలు. అగ్నిమాపక దళానికి 101కి ఫోన్ చేయాలి. అసలు నడుముకు తాడు లేకుండా ఎవరూ దిగి ఉండకూడదు. ఆ తాడు ఉంటే పైనుంచే లాగవచ్చు. కోళికోడ్ ఘటన చూసి కదిలిన కేరళ ఇంజినీర్లు మ్యాన్‌హోళ్లు శుభ్రం చేసే రోబోను తయారుచేశారు. మన హైదరాబాద్ జలమండలి దగ్గర ఇరుకు సందుల్లోకి వెళ్లే చిన్న జెట్టింగ్ మిషన్లున్నాయి. మిషన్లు లేవన్న సాకు ఇంకా ఎంతకాలం?

అపార్ట్‌మెంట్లలో ఉండే చదువుకున్నవాళ్లు ఇది తమకు సంబంధించింది కాదనుకుంటారు. సెప్టిక్ ట్యాంకు నిండితే వాచ్‌మన్‌కు చెప్పి ఎవరినో ఒకరిని పిలిపించేది వాళ్లే. ఆ పిలుపు ఆజ్ఞే. డబ్బు కాస్త ఎక్కువైనా వ్యాక్యూమ్ ట్యాంకరు వచ్చేదాకా ఆగాలి. హైదరాబాద్‌లో అయితే జలమండలికి 155313కు ఫోన్ చేయాలి.

ఇంత చెప్పినా ఎక్కడో ఒకచోట ప్రాణం పోతే ఆ ఇంటివాళ్ల కోసం ఈ మాట. మార్చురీ దగ్గరికే కాంట్రాక్టరు మనుషులు వస్తారు. చేతిలో కొంత డబ్బు, తెల్ల కాగితం ఉంటాయి. ‘‘కేసెందుకమ్మా, సంతకం పెట్టు’’ అంటారు. పెట్టొద్దు. ఇలాంటి మరణానికి కనీసం 30 లక్షల పరిహారం ఇవ్వాలని 2023 అక్టోబరులో సుప్రీంకోర్టు చెప్పింది. అది కాంట్రాక్టరు దయ కాదు, కుటుంబం హక్కు. పోలీసు స్టేషన్లో ఎఫ్ఐఆర్ రాయించండి, ఏ పనికి పిలిచి దింపారో అందులో స్పష్టంగా రాయమనండి, పోస్టుమార్టం తప్పనిసరిగా చేయించండి. 2013 చట్టం కింద ఫిర్యాదుకు మూడు నెలల గడువే ఉంది. దినకర్మలు అయ్యాక చూద్దామని ఆగకండి.